34 పడకలకు రాత్రిపూట ఇద్దరే నర్సులు: “1:3 నిష్పత్తి ఉంది కదా” అంటే ఏమని జవాబు చెప్పాలి?

ప్రశ్న: వార్డు ఇన్‌ఛార్జి, విజయవాడ

అందరికీ నమస్కారం. విజయవాడలో 120 పడకలున్న ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, మెడికల్ కేసులూ సర్జరీ కేసులూ కలిసి ఉండే జనరల్ వార్డుకు నేను ఇన్‌ఛార్జిని. జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) పూర్తిచేసి పదహారేళ్ళయింది, అందులో పదకొండేళ్ళు ఇక్కడే గడిచాయి. నా వార్డులో 34 పడకలు ఉన్నాయి, అవి దాదాపు ఎప్పుడూ నిండే ఉంటాయి. నన్ను మినహాయిస్తే 11 మంది స్టాఫ్ నర్సులు ఉన్నారు. ఉదయం 8 నుంచి 2 వరకు నలుగురు, 2 నుంచి రాత్రి 8 వరకు ముగ్గురు, రాత్రి 8 నుంచి మర్నాడు ఉదయం 8 వరకు ఇద్దరు డ్యూటీలో ఉంటారు. వారానికి ఒక ఆఫ్ ఇస్తూ, అవసరమైనవారికి సెలవు ఇస్తూ, ఇంతకంటే మెరుగ్గా రోస్టర్ వేయడం నాకు ఏ విధంగానూ సాధ్యం కావడం లేదు.

గత నెలలో నైట్ డ్యూటీ అమ్మాయికి జ్వరం రావడంతో ఆమె బదులు నేనే ఉండిపోయాను. ఒంటి గంట దాటాక తొమ్మిదో పడక రోగికి ఆయాసం ఎక్కువై, డ్యూటీ డాక్టరు గారు సీటీ స్కాన్ రాశారు. ఆక్సిజన్ మీద ఉన్న మనిషిని వార్డు బాయ్ ఒక్కడితో కిందికి పంపలేం కనుక నేను వెంట వెళ్ళాను. అదే సమయానికి క్యాజువాలిటీ నుంచి కొత్త అడ్మిషన్ పైకి వచ్చింది, మిగిలిన అమ్మాయి ఆ పనిలో పడింది. నేను తిరిగి వచ్చేసరికి పంతొమ్మిదో పడక దగ్గర సెలైన్ అయిపోయి, రక్తం ట్యూబులోకి ఎదురెక్కి ఉంది. ఆ పెద్దాయన భార్య నర్సింగ్ స్టేషన్ ముందు చీర కొంగు చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. “ఎంతసేపయిందమ్మా?” అని అడిగితే, “సిస్టరు పనిలో ఉంది కదా, పిలిస్తే ఏమనుకుంటుందోనని ఆగానమ్మా” అంది. ఇరవై రెండో పడకలో ఇన్సులిన్ మీద ఉన్న రోగికి రెండు గంటలకు చూడవలసిన షుగర్ 3:40కి చూశాం. 58కి పడిపోయి ఉంది. ఒళ్ళంతా చెమటలు పట్టి, పలకరిస్తే మాట తడబడుతోంది. 25 శాతం డెక్స్‌ట్రోజ్ ఎక్కించాక తేరుకున్నాడు. చార్టు రాసే ముందు ఆ అమ్మాయి నన్ను అడిగింది, రెండు గంటలకు చూసినట్టు రాయాలా, మూడు నలభైకి అని రాయాలా అని. చూసిన సమయమే రాయమని చెప్పాను.

మర్నాడు ఈ విషయం యాజమాన్యానికి చెప్పి, మనుషులను పెంచమని అడిగాను. నర్సింగ్ కౌన్సిల్ నిబంధన ప్రకారం ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలని, 34 పడకలకు 11 మంది ఉన్నారు కనుక ఆ నిబంధన నెరవేరినట్టేనని, పైగా ప్రకటన ఇచ్చినా ఎవరూ రావడం లేదని, దేశమంతటా నర్సుల కొరత ఉంటే తామేం చేయగలమని జవాబు వచ్చింది. ఆ లెక్కలో తప్పు ఎక్కడుందో అప్పటికప్పుడు నేను చూపించలేకపోయాను, కానీ రాత్రి రెండు గంటలకు నా వార్డులో ఒక్కొక్కరి చేతిలో 17 మంది రోగులు ఉంటున్నారన్నది నా కళ్ళ ముందున్న నిజం. గడిచిన ఏడాదిలో నా వార్డు నుంచే ఏడుగురు మానేశారు. వారి స్థానంలో వచ్చినవారు అప్పుడే చదువు ముగించిన పిల్లలు.

ఈ 1:3 అన్నదాన్ని ఎలా అర్థం చేసుకోవాలి? నేను ఎంతమందిని అడిగితే అది న్యాయమైన కోరిక అవుతుంది? ఉన్న పిల్లలు వెళ్ళిపోకుండా నా స్థాయిలో ఏం చేయగలను? ఈ పరిస్థితిని దగ్గరగా చూసినవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

జవాబు 1: రిటైర్డ్ హెడ్ నర్స్, గుంటూరు

అమ్మా, ముందుగా ఒక మాట. చూసిన సమయమే రాయమని చెప్పావు చూడు, దాన్ని ఎప్పటికీ వదలకు. రెండు గంటలని రాసి ఉంటే ఆ రాత్రి నీ వార్డులో ఏ లోపమూ జరగనట్టే కాగితం చెప్పేది, నీ దగ్గర అడగడానికి ఆధారమే మిగిలేది కాదు. నేను ప్రభుత్వ ఆసుపత్రుల్లో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేశాను. మనుషులు చాలని వార్డుల్లో చార్టులన్నీ అచ్చు గుద్దినట్టు ఆరు, పది, రెండు, ఆరు అని నిండి ఉండడం చాలాసార్లు చూశాను. అవి చూసి పైవాళ్ళు అంతా సవ్యంగా ఉందనుకునేవారు. మన కష్టాన్ని మన చేత్తోనే దాచిపెట్టుకున్నామని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఇక 1:3 సంగతి. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం జనరల్ వార్డులకు బోధనాసుపత్రుల్లో 1:3, ఇతర ఆసుపత్రుల్లో 1:5 అని చెబుతుంది. అయితే అది మొత్తం పోస్టుల లెక్క. మనం చదువుకున్న నర్సింగ్ మేనేజ్‌మెంట్ పుస్తకాల్లో ఆ 1:3 పక్కనే ‘లేదా షిఫ్టుకు 1:9’ అని ఉంటుంది. అంటే మూడు షిఫ్టులకూ కలిపి ముగ్గురికి ఒకరు, ఏ షిఫ్టులో చూసినా తొమ్మిది మందికి ఒకరు ఉండాలన్నమాట. దానికి పైన 30 శాతం లీవ్ రిజర్వ్, అంటే సెలవులో ఉన్నవారి బదులు పనిచేయడానికి అదనపు మనుషులను కలపాలి. యాజమాన్యం వారు 1:3 దగ్గర ఆగిపోయారు, ఆ తరువాతి రెండు మాటలూ చదవలేదు. మీది బోధనాసుపత్రి కాదు కనుక 1:5 చాలునని రేపు ఎవరైనా అనవచ్చు, కానీ 1:3 తమకు వర్తిస్తుందని, అది నెరవేరిందని వారంతట వారే అన్నారు కనుక, అదే ప్రమాణాన్ని పూర్తిగా పట్టుకుని మాట్లాడు.

వారి నిబంధనతోనే లెక్క కడదాం. 34ను 3తో భాగిస్తే 11కు కొంచెం పైన వస్తుంది, దానికి 30 శాతం కలిపితే 15 మంది. 34ను 9తో భాగిస్తే ప్రతి షిఫ్టులోనూ నలుగురు. నీ దగ్గర ఉన్నది 11 మంది, రాత్రి ఇద్దరు. కాబట్టి వారు చూపించిన ప్రమాణం ప్రకారమే నీకు నలుగురు తక్కువ, రాత్రిపూట సగం మందే ఉన్నారు. కేంద్ర ప్రభుత్వ స్టాఫ్ ఇన్‌స్పెక్షన్ యూనిట్ 1991-92లో ఇచ్చిన ప్రమాణాల్లోనైతే, వారపు ఆఫ్‌లను, ప్రసూతి సెలవులను కూడా కలుపుకొని లీవ్ రిజర్వ్ 45 శాతం వేశారు. ఇన్‌ఛార్జిని పన్నెండో మనిషిగా లెక్కేస్తామంటే మాత్రం ఒప్పుకోవద్దు. వార్డు సిస్టర్ పోస్టు ఎప్పుడూ వేరుగానే ఉంటుంది.

నిష్పత్తులతో వాదన తెగకపోతే గంటల లెక్క చూపించు, దాన్ని ఎవరూ కాదనలేరు. నీ రోస్టర్‌లో ఉదయం నలుగురు ఆరేసి గంటలు, సాయంత్రం ముగ్గురు ఆరేసి గంటలు, రాత్రి ఇద్దరు పన్నెండేసి గంటలు, మొత్తం రోజుకు 66 గంటలు, వారానికి 462 గంటలు. ఒక నర్సు వారానికి 48 గంటలు పనిచేస్తుంది. ఏడాదిలో వారపు ఆఫ్‌లు పోగా మిగిలే 313 రోజుల్లో క్యాజువల్ లీవు, ఆర్జిత సెలవు, పండుగ సెలవులు కలిపి 35 రోజులు తీసుకుంటుందనుకుందాం, ఇక ఆమె వచ్చేది 278 రోజులు. ఈ మేరకు సర్దితే 462 గంటలు నింపడానికి 11 మంది కావాలి. అంటే నీ దగ్గరున్న 11 మందీ ఈ 4-3-2 రోస్టర్‌కు ఒక్క మనిషి కూడా మిగలకుండా సరిపోయారు. ఒకరికి జ్వరం వస్తే మరొకరి ఆఫ్ పోవడమో, నువ్వు రాత్రి ఉండిపోవడమో తప్ప దారి లేదు. నువ్వు రోస్టర్ సరిగా వేయలేకపోతున్నావనే దిగులు పెట్టుకున్నట్టు కనిపిస్తోంది. ఆ దిగులు తీసెయ్యి, ఈ సంఖ్యతో ఎవరు వేసినా అంతే.

అదే పద్ధతిలో చూస్తే, రాత్రి మూడో నర్సు ఉండాలంటే 13 మంది కావాలి, సాయంత్రం కూడా నలుగురిని పెట్టాలంటే 14 మంది, అన్ని షిఫ్టుల్లోనూ నలుగురు ఉండాలంటే 16 మంది. నువ్వు 15 అడుగు, ఎందుకంటే అది వారి నిబంధన నుంచే వచ్చిన సంఖ్య. 13కు తగ్గితే మాత్రం ఒప్పుకోకు. వచ్చిన మొదటి ఇద్దరినీ రాత్రికే వెయ్యి. పగలు డాక్టర్లు, పెద్దవాళ్ళు తిరుగుతూ ఉంటారు కనుక ఎవరైనా చూస్తారని అక్కడ పెట్టాలనిపిస్తుంది, కానీ నీ ఇరవై రెండో పడక రాత్రి రెండు గంటల పడక.

ఇంకొక పని ఈ రోజే మొదలుపెట్టు. ఒక రూళ్ళ పుస్తకం తీసుకుని, ప్రతి షిఫ్టు హ్యాండోవర్‌లో నిండిన పడకలెన్ని, నర్సులెందరు, కొత్త అడ్మిషన్లెన్ని, డిశ్చార్జులెన్ని, స్కాన్‌కో థియేటర్‌కో నర్సు వెంట వెళ్ళిన సార్లెన్ని, ఆలస్యమైన మందులూ వైటల్సూ (బీపీ, నాడి, జ్వరం వంటివి) ఏవి, ఎంత ఆలస్యం అన్నది రాయించు. పేర్లు వద్దు, పడక నంబరు చాలు. నేను చివరగా పనిచేసిన వార్డులో 40 మంచాలకు అరవై మంది రోగులు ఉండేవారు, రెండు మంచాల మధ్య నేల మీద పరుపు వేసి పడుకోబెట్టేవాళ్ళం. మంజూరైన పోస్టులు మంచాల లెక్కన వచ్చేవి కనుక ఆ నేల మీది ఇరవై మందికి నర్సు లేనట్టే. అప్పుడు ఇలాంటి పుస్తకం మూడు నెలలు రాసి చూపించాకనే మాకు డెప్యుటేషన్ మీద ఇద్దరిని ఇచ్చారు.

జవాబు 2: నర్సింగ్ కళాశాల అధ్యాపకురాలు, గుంటూరు

పై జవాబుకు ఒక చిన్న చేర్పు. యాజమాన్యం ముందు పరిశోధన ఆధారం పెట్టదలిస్తే, లిండా ఐకెన్ బృందం 2002లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో 168 ఆసుపత్రుల సర్జరీ రోగుల మీద ప్రచురించిన అధ్యయనం ఉంది. ఒక్కో నర్సు చూసే రోగుల సంఖ్య ఒకటి పెరిగినకొద్దీ, చేరిన 30 రోజుల్లో రోగి మరణించే అవకాశం 7 శాతం చొప్పున పెరిగిందని అందులో తేలింది. నలుగురిని చూసే నర్సుకూ ఎనిమిది మందిని చూసే నర్సుకూ మధ్య ఆ తేడా 31 శాతం. అదే బృందం తొమ్మిది ఐరోపా దేశాల్లో చేసి 2014లో ప్రచురించిన అధ్యయనంలోనూ అదే 7 శాతం వచ్చింది. అమెరికాలో కాలిఫోర్నియా 1999లో చట్టం చేసి, 2004 నుంచి ప్రతి షిఫ్టుకూ కనీస నిష్పత్తిని అమలు చేస్తోంది. జనరల్ వార్డుల్లో అది ఐదుగురికి ఒకరు.

అయితే జాగ్రత్తగా వాడండి. ఆ అమెరికా అధ్యయనం పోల్చింది నలుగురికీ ఎనిమిది మందికీ మధ్య తేడానే కనుక, 17 మందికి ఇంత శాతం అని గుణించి చెబితే అది శాస్త్రం కాదు, వాళ్ళు పట్టుకుని మొత్తం వాదననే కొట్టిపారేయవచ్చు. మన పరిస్థితి ఆ కొలబద్దకు బయటే ఉందని చెప్పడమే సరైన మాట.

మా విద్యార్థుల గురించి కూడా చెప్పాలి. మన గుంటూరు, కృష్ణా జిల్లాల్లో నర్సింగ్ కళాశాలలకు కొదవలేదు, ఏటా ఎందరో పిల్లలు చదువు ముగించి రిజిస్ట్రేషన్ చేయించుకుంటున్నారు. చదువుకున్న పిల్లలు లేకపోవడం వల్ల మీ ప్రకటనకు జవాబు రావడం లేదన్న మాటను నేను ఒప్పుకోలేను. ఏ ఆసుపత్రిలో రాత్రికి ఎంతమంది ఉంటారో, ఆఫ్ ఇస్తారో లేదో మా పిల్లలకు చేరకముందే తెలుస్తుంది. సీనియర్లు చెబుతారు.

జవాబు 3: మాజీ ఆసుపత్రి పరిపాలనాధికారి, విజయవాడ

సిస్టర్ గారూ, నేను పన్నెండేళ్ళు ఒక మధ్యతరహా ఆసుపత్రి పరిపాలన చూశాను కనుక బల్లకు అటువైపు ఏం జరుగుతుందో చెబుతాను. మీకు వచ్చిన ఆ 1:3 జవాబు నేను కూడా ఒకప్పుడు ఒక ఇన్‌ఛార్జి సిస్టర్‌కు చెప్పినవాడినే, అది తప్పని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

యాజమాన్యాలకు జీతాల పద్దు ప్రతి నెలా ఒకటో తారీఖున కంటికి కనిపిస్తుంది. ప్రభుత్వ పథకం కింద చేసిన కేసుల డబ్బు నెలల తరబడి ఆలస్యంగా వస్తుంది, ప్యాకేజీ మొత్తం ముందే నిర్ణయమై ఉంటుంది, మందుల ధరలు మన చేతిలో ఉండవు. తగ్గించడానికి వీలైన ఖర్చు ఏదని చూస్తే నర్సుల సంఖ్య కనిపిస్తుంది, ఎందుకంటే ఒక నర్సు తగ్గినా ఆ రోజు పని ఆగదు, మిగిలినవారు మోస్తారు. డాక్టరు రాకపోతే ఆపరేషన్ ఆగుతుంది, నర్సు రాకపోతే ఏదీ ఆగినట్టు కనిపించదు. ఈ కారణం వల్లే మీరు కష్టం గురించి చెప్పినంతసేపూ సానుభూతి దొరుకుతుంది గానీ పోస్టు దొరకదు.

వారికి కనిపించని ఖర్చును చూపించండి. ఏడాదిలో ఏడుగురు మానేశారన్నారు. కొత్తగా చేరిన అమ్మాయిని కనీసం రెండు నెలలు నైట్ డ్యూటీలో ఒంటరిగా వదలలేరు. ఏడుగురికి రెండేసి నెలలంటే 14 నెలలు, అంటే ఒక నర్సు ఏడాది జీతం కంటే ఎక్కువ మొత్తాన్ని, పూర్తి డ్యూటీ చేయించుకోకుండానే ఆసుపత్రి ఇప్పటికే చెల్లిస్తోంది. ఆ రెండు నెలలూ వారికి పని నేర్పుతూ సీనియర్లు పోగొట్టుకునే సమయం వేరు. ఈ వలసలు సగానికి తగ్గితే, మీరు అడిగే నలుగురిలో ఒకరి ఏడాది జీతంలో సగానికి పైగా అక్కడే సర్దుబాటవుతుంది. ఈ లెక్క ఒక కాగితం మీద వేసి ఇవ్వండి, అది అకౌంట్స్ వాళ్ళకు అర్థమయ్యే భాష.

జీతం గురించి కూడా తెలిసి ఉండడం మంచిది. ట్రెయిన్డ్ నర్సెస్ అసోసియేషన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2016 జనవరి 29న ఇచ్చిన ఆదేశం మేరకు కేంద్రం ఒక కమిటీని వేసింది. 200 పడకలు మించిన ప్రైవేటు ఆసుపత్రుల్లో ప్రభుత్వ నర్సులతో సమానంగా, 100 మించిన చోట 10 శాతానికి మించి తగ్గకుండా, 50 నుంచి 100 వరకు ఉన్న చోట 25 శాతానికి మించి తగ్గకుండా, 50లోపు ఉన్న చోట్ల నెలకు కనీసం 20,000 రూపాయలు ఇవ్వాలని ఆ కమిటీ సిఫారసు చేసింది. సెలవులు, పనివేళలు, రవాణా, వసతి కూడా ప్రభుత్వ నర్సులకు ఉన్నట్టే ఉండాలని చెప్పింది. మీది 120 పడకల ఆసుపత్రి కనుక రెండో వర్గంలోకి వస్తుంది. ఇది సిఫారసు మాత్రమే, అమలు రాష్ట్రాల చేతిలో ఉంది. కేరళలో నర్సులు ఏళ్ళ తరబడి ఆందోళన చేశాక 2018లో కనీస వేతనం 20,000 రూపాయలుగా నోటిఫికేషన్ ఇచ్చారు.

ఒక సలహా ఇస్తాను, నా అనుభవంలో అన్నింటికంటే త్వరగా ఫలించింది ఇదే. రెండు రోజులు వార్డులో నిలబడి, నర్సు సమయం ఎక్కడికి పోతోందో గమనించండి. మా ఆసుపత్రిలో నేను చూసినప్పుడు ఉదయం షిఫ్టులో ఒక సిస్టర్ పూర్తిగా డిశ్చార్జి ఫైళ్ళు, ఫార్మసీ ఇండెంట్లు, మిగిలిన మందులు వాపసు ఇచ్చే చీటీలు, ల్యాబ్‌కు ఫోన్లు, ఇన్సూరెన్స్ కాగితాలతోనే గడిపేది. నాలుగేళ్ళు చదువుకున్న అమ్మాయి మూడు స్ట్రిప్పుల మాత్రలు లెక్కపెట్టి కౌంటర్‌లో అప్పగించడానికి మెట్లు దిగి వెళ్ళేది. ఆ పనికి డిగ్రీ చదివిన ఒక క్లర్కును వార్డులో కూర్చోబెట్టాం. రోస్టర్‌లో నలుగురని రాసి ఉన్నా అంతకుముందు రోగుల దగ్గర ముగ్గురే ఉండేవారు, క్లర్కు వచ్చాక నలుగురూ ఉన్నారు. యాజమాన్యం నర్సు పోస్టుకు వెనకాడినా క్లర్కు పోస్టుకు ఒప్పుకునే అవకాశం ఎక్కువ.

చివరగా, బాండు పేరుతో పిల్లల ఒరిజినల్ సర్టిఫికెట్లు మీ ఆసుపత్రిలో అట్టిపెట్టుకుంటుంటే ఆ పద్ధతి మాన్పించడానికి ప్రయత్నించండి. అది న్యాయం కాదు. దానివల్ల ఎవరూ నిలవరు, చేరవలసినవారు కూడా చేరరు.

జవాబు 4: స్టాఫ్ నర్సు, ఐర్లండ్ (స్వస్థలం తెనాలి దగ్గర పల్లె)

అక్కా, నేను గుంటూరులో బీఎస్సీ నర్సింగ్ చదివి, అక్కడే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మూడేళ్ళు పనిచేసి, ఐదేళ్ళ క్రితం ఇక్కడికి వచ్చాను. వెళ్ళిపోయిన ఆ ఏడుగురి తరఫున ఎవరో ఒకరు మాట్లాడాలనిపించి రాస్తున్నాను.

జీతం కోసమే వెళ్ళిపోతారని అందరూ అంటారు. జీతం కారణమే, నేను కాదనను. మా నాన్న చేసిన అప్పు తీరింది ఇక్కడి జీతంతోనే. కానీ నేను ఓఈటీ (విదేశాల్లో పనిచేయడానికి వైద్య సిబ్బంది రాసే ఇంగ్లీషు పరీక్ష) పుస్తకం కొనుక్కున్న రోజు జీతం గురించి ఆలోచించలేదు. మా అక్క పెళ్ళికి నెల ముందే సెలవు అడిగి, సరేనన్నాక, రెండు రోజుల ముందు రద్దు చేశారు. తలంబ్రాల వేళకు నేను నైట్ డ్యూటీలో ఉన్నాను. అదే వారంలో ఒక రోగి బంధువు, డాక్టరు ఆలస్యంగా వచ్చినందుకు నన్ను పట్టుకుని నానా మాటలూ అన్నాడు. నలుగురి మధ్యలో నిలబడి ఏడ్చాను. ఎవరూ గదిలోంచి బయటికి రాలేదు. వైద్య సిబ్బంది మీద దాడులు జరగకుండా మన రాష్ట్రంలో 2008లోనే చట్టం వచ్చిందని నాకు ఇక్కడికి వచ్చాక తెలిసింది. ఆ రోజు నాకు చట్టం కూడా అక్కర్లేదు, మా ఇన్‌ఛార్జి వచ్చి పక్కన నిలబడి ఉంటే చాలు.

అందుకే నువ్వు నీ స్థాయిలో ఏం చేయగలవని అడిగావు చూడు, చాలా చేయగలవు. రోస్టర్ పదిహేను రోజుల ముందే గోడకు అంటించు, అంటించాక మార్చవలసి వస్తే ఆ అమ్మాయిని అడిగి మార్చు. ఇచ్చిన ఆఫ్‌ను ఫోన్ చేసి రద్దు చేయకు. ఒకే మనిషికి వరుసగా నైట్లు ఎన్ని పడుతున్నాయో లెక్క పెట్టుకో. రాత్రి ఎనిమిదింటి డ్యూటీకి కంకిపాడు నుంచో ఇబ్రహీంపట్నం నుంచో బస్సులో వచ్చే పిల్లలు ఉంటారు. వాళ్ళు ఏ బస్సుకు వస్తారో నీకు తెలిసి ఉంటే, పదినిమిషాలు ఆలస్యమైనప్పుడు అడిగే పద్ధతే మారుతుంది. రాత్రి భోజనానికి ఇరవై నిమిషాలు వాళ్ళను కూర్చోనివ్వు. మాకు మూడేళ్ళలో కూర్చుని తిన్న రాత్రులు చాలా తక్కువ, టిఫిన్ డబ్బా చాలాసార్లు అలాగే ఇంటికి తిరిగి వచ్చేది.

ఇక్కడ కూడా కొరత ఉంది. లేకపోతే మమ్మల్ని ఎందుకు పిలుస్తారు? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన నివేదిక ప్రపంచం మొత్తం మీద 59 లక్షల మంది నర్సులు తక్కువని చెప్పింది, అందులో 89 శాతం లోటు మనలాంటి అల్పాదాయ, దిగువ మధ్యాదాయ దేశాల్లోనే. అది చదివిన రోజు నాకు మనసు బరువెక్కింది. నా వార్డులో పగలు నాకు ఆరుగురు రోగులు ఉంటారు, వారిలో ఒక్కొక్కరి దగ్గరా ఆగి మాట్లాడగలుగుతున్నాను. నేను అక్కడ చేయవలసిన పనిని ఇక్కడ చేస్తున్నానన్న బాధ మాత్రం ఉంది.

జవాబు 5: ఒక రోగి కూతురు, మంగళగిరి

నేను వైద్య రంగం మనిషిని కాను. పోయిన వేసవిలో మా అమ్మకు తుంటి ఆపరేషన్ జరిగినప్పుడు పద్దెనిమిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. మొదటి రెండు రోజులు నర్సుల మీద నాకు చాలా కోపం వచ్చింది, పిలిచిన పావుగంటకు గానీ వచ్చేవారు కాదు. మూడో రాత్రి నిద్రపట్టక వరండాలో కూర్చుని చూస్తే, ఒకే అమ్మాయి ఆ చివర నుంచి ఈ చివరకు ట్రే పట్టుకుని తిరుగుతూనే ఉంది, ఒక్కసారి కూడా కూర్చోలేదు. నాలుగో రోజు ఆ అమ్మాయే అమ్మను పక్కకు ఎలా తిప్పాలో, వీపు కింద ఎక్కడ ఎర్రబడుతుందో ఎలా చూడాలో ఓపికగా నేర్పింది. నేను నేర్చుకున్నాను, సంతోషంగానే చేశాను, కానీ పక్క మంచం మీద ఉన్న ఆవిడకు ఎవరూ లేరు. ఆమెను ఎవరు తిప్పుతారు?

మీరు యాజమాన్యంతో మాట్లాడేటప్పుడు మా మాట కూడా చెప్పండి. వార్డులో రాత్రికి ఎందరు నర్సులు ఉంటారని చేరేటప్పుడే అడగాలని ఇప్పుడు నాకు తెలిసింది. ఇకముందు అడుగుతాను, మా బంధువులకూ అడగమని చెబుతున్నాను.

ప్రశ్న అడిగినవారి నుంచి (ఆరు వారాల తరువాత)

జవాబు రాసిన ప్రతి ఒక్కరికీ నమస్కారాలు. గుంటూరు మేడమ్ గారూ, మీరు చెప్పిన రూళ్ళ పుస్తకం మర్నాడే మొదలుపెట్టాను. మొదటి వారం పిల్లలు భయపడ్డారు, ఆలస్యాలు రాస్తే తమ మీదికే వస్తుందేమోనని. ప్రతి పేజీ కింద ముందు నా సంతకం పెట్టడం మొదలుపెట్టాక రాయడానికి జంకలేదు. 21 రాత్రుల లెక్క తేలాక చూస్తే, వాటిలో 13 రాత్రులు కనీసం అరగంటకు పైగా వార్డులో ఒక్క నర్సే ఉంది, రెండో అమ్మాయి స్కాన్‌కో, ఐసీయూకు రోగిని మార్చడానికో వెళ్ళి ఉంది. ఇది నేను కూడా ఊహించలేదు. ఒక్కరికి 17 మంది అని మీకు రాశాను, నిజానికి చాలా రాత్రులు కొంతసేపు 34 మందీ ఒక్కరి చేతిలోనే ఉంటున్నారు.

ఆ పుస్తకం, 15 మంది లెక్క, ఏడుగురి మీద పోయిన 14 నెలల లెక్క మూడూ కలిపి ఇచ్చాను. రెండుసార్లు పిలిపించుకుని మాట్లాడారు. 1:9 సంగతి చెప్పినప్పుడు మెడికల్ సూపరింటెండెంట్ గారు పుస్తకం తెప్పించుకుని స్వయంగా చదివారు. ఇద్దరు స్టాఫ్ నర్సులకూ ఒక వార్డు క్లర్కుకూ అనుమతి వచ్చింది. మిగిలిన ఇద్దరి సంగతి వచ్చే ఆర్థిక సంవత్సరంలో చూస్తామన్నారు. ఇద్దరూ చేరారు, వారిలో ఒకరు మా దగ్గర మానేసి వెళ్ళిన ఏడుగురిలో ఒక అమ్మాయి. మీరు చెప్పినట్టే రాత్రికి మూడో మనిషిని వేశాను. స్కాన్‌కు ఒకరు వెళ్ళినా వార్డులో ఇద్దరు ఉంటున్నారు. రోస్టర్ పదిహేను రోజుల ముందు అంటించడం కూడా మొదలైంది. ఇప్పటివరకు ఒక్కసారే మార్చాను, అడిగి మార్చాను.

ఇప్పుడు ఇంకొక చిక్కు వచ్చింది. మా సీనియర్ అమ్మాయి ఒకరు వచ్చే నెల ప్రసూతి సెలవు మీద వెళ్తోంది, 26 వారాలు. లీవ్ రిజర్వ్‌లో ఒక్క మనిషి కూడా లేకుండా 13 మందితో నడుస్తున్న రోస్టర్‌లో ఆ ఆరు నెలలు రాత్రి మూడో మనిషిని నిలుపుకోవడం కష్టం. తాత్కాలికంగా ఆరు నెలలకు ఒకరిని తీసుకోమని అర్జీ రాస్తున్నాను. ఇలాంటి అర్జీ ఎవరైనా ఇంతకుముందు రాసి ఉంటే, దాన్ని ఏ విధంగా రాస్తే ఒప్పుకున్నారో దయచేసి చెప్పగలరా?